ప్లాస్టిక్ పళ్ళచక్రాలను కొద్ది సంఖ్యలో చేయించుకొనుట

(రైతుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



విత్తనాన్ని గురించి, ఎరువును గురించి, పురుగుమందులను గురించి మీరు ఎన్నో ప్రసంగాలు విన్నారు. నేను ఈ పూట చెప్పబోయేది ఒక చిన్న వస్తువును గురించి. అది అరచేతిలో ఇమిడిపోతుంది. తూకం వేస్తే 50 గ్రాములు కూడా తూగదు. ట్రాక్టరు గొర్రుకు విత్తనపు పెట్టె పక్కన, రేకు మూత కింద తిరిగే ప్లాస్టిక్ పళ్ళచక్రం అది. మీలో కొందరు దాన్ని గేరు అంటారు, కొందరు పినియను అంటారు. పేరు ఏదైనా ఫరవాలేదు. అది విరిగిన రోజున గొర్రు మొత్తం దిగ్గున ఆగిపోతుంది.

ఎప్పుడు విరుగుతుంది? చావిట్లో ఊరికే ఉన్నప్పుడు విరగదు గదా! వాన పడి, పదును వచ్చి, విత్తనం కలిపి పెట్టుకొన్న నాడు విరుగుతుంది. ఎర్ర చెలకల్లో వేరుశనగ వేసే వారికి నేను వేరుగా చెప్పనక్కరలేదు. పదును నాలుగు రోజులు నిలిస్తే గొప్ప. ఆ నాలుగు రోజులూ విడిభాగం కోసం పట్నం చుట్టూ తిరిగితే, తిరిగి వచ్చేటప్పటికి నేల ఆరిపోయి ఉంటుంది. మరొక వాన ఎప్పుడు వస్తుందో ఎవరు చెప్పగలరు?

దుకాణానికి పోతే వచ్చే సమాధానం కూడా మీకు తెలిసినదే. "ఆ మోడలు ఆగిపోయిందండీ, పెట్టె మొత్తం మార్చుకోండి" అంటారు. పదేళ్ళనాటి యంత్రానికి ఆ మాట ఇంకా త్వరగా వస్తుంది. అటువంటప్పుడు ఆ చక్రాన్ని మనమే చేయించుకోవచ్చు. ఒకటి కావాలన్నా, ఆరు కావాలన్నా చేసి ఇచ్చే పనివాళ్ళు మన పట్టణాల్లోనే ఉన్నారు. అయితే వారి దగ్గరకు పోయే ముందు మనం తెలిసికోవలసినవి కొన్ని ఉన్నాయి. తెలియకుండా పోయిన వారికి డబ్బూ పోతుంది, అదనూ పోతుంది.

ముందుగా ఒక ప్రశ్న. అక్కడ కంపెనీవారు ఇనుము పెట్టక ప్లాస్టిక్ ఎందుకు పెట్టారు? చవక అని మనం వెంటనే అనుకొంటాం. అది కొంతవరకు నిజమే. కాని వేరే కారణాలు కూడా ఉన్నాయి. యూరియా, డి.ఎ.పి. వంటి ఎరువులు తేమ తగిలి ఇనుమును తినివేస్తాయి; నైలానును అట్లా తినవు. దుమ్ములో తిరిగే చక్రానికి గ్రీజు పెడితే దుమ్మంతా దానికి పట్టుకొని ఆకురాయి వలె పళ్ళను అరగదీస్తుంది. ప్లాస్టిక్ అయితే గ్రీజు లేకుండానే నడుస్తుంది. అన్నిటికంటె ముఖ్యమైన కారణం మరొకటి ఉంది. విత్తనపు పళ్ళెంలో రాయి గాని, గోనె పీచు గాని ఇరుక్కొన్నప్పుడు ఏదో ఒకటి విరగక తప్పదు. ఇరుసు వంగేకంటె, పోత పెట్టె పగిలేకంటె, చిన్న చక్రంలో ఒక పన్ను విరగడం మేలు. ఇంట్లో కరెంటుకు ఫ్యూజు ఉన్నట్లే ఇదీను. అందుచేత "ప్లాస్టిక్ ఎందుకు, గట్టిగా ఇనుముతో చేసి ఇస్తాను" అని మేస్త్రీ అన్నప్పుడు సంతోషించి తల ఊపవద్దు. ఇనుప చక్రం విరగదు నిజమే. దాని బదులు విరిగే వస్తువు పది రెట్లు ఖరీదైనది కావచ్చు.

అట్లాగే దీనికి ఎదురు తప్పు కూడా చేయరాదు. ఇనుప చక్రం ఉన్నచోట ప్లాస్టిక్ చక్రం పెట్టరాదు. నైలాను లాగుడు బలం మామూలు ఉక్కు బలంలో సుమారు అయిదో వంతు మాత్రమే. వంగకుండా నిలిచే గుణమైతే అరవై డెబ్బయి వంతుల్లో ఒక వంతు కూడా ఉండదు. చాఫ్ కట్టరులోనో, నూర్పిడి యంత్రంలోనో, ట్రాక్టరు గేరుపెట్టెలోనో ప్లాస్టిక్ చక్రం వేయించాలన్న ఆలోచన పెట్టుకోవద్దు. విత్తనం, ఎరువు జారవిడిచే తేలిక పనులకే ఇది.

ఇప్పుడు విరిగిన చక్రాన్ని చేతిలోకి తీసికోండి. పారవేయవద్దు. విరిగిన పన్ను దొరికితే దానిని కూడా గుడ్డలో కట్టి దాచండి. ఆ ముక్కలే మీకు జరిగిన కథంతా చెప్తాయి. ఒకటి రెండు పళ్ళు మాత్రం మొదలంటా విరిగి, మిగిలినవి కొత్తవాటి వలె ఉంటే, ఏదో ఇరుక్కొన్నదని అర్థం. పళ్ళెం, ఎరువు గొట్టం, గడ్డకట్టిన ఎరువు వెతికి చూడండి. పళ్ళన్నీ ఒక పక్కనే పలచబడి ఉంటే అది అరుగుదల. దాని ఆయువు తీరింది, లేదా మూత పోయి దుమ్ము చేరింది. పళ్ళ వెడల్పులో ఒక సగం అరిగి, రెండవ సగం నిగనిగలాడుతూ ఉంటే, ఇరుసు వంగినదో, బేరింగు పోయినదో అనుకోవాలి. పళ్ళు కరిగి సాగినట్లు, ముద్ద అయినట్లు ఉంటే వేడి ఎక్కినది. భారం ఎక్కువైనది, లేదా చక్రాలు రెండూ మరీ బిగుతుగా ఒత్తుకొంటున్నవి. నడిమి రంధ్రం నుంచి, అందులోనూ చీల గాడి మూల నుంచి పగులు బయలుదేరితే, చీల వదులుగా ఉండి కొట్టుకొన్నది. ఈ కారణాన్ని సరిచేయకుండా కొత్త చక్రం వేస్తే అది కూడా అదే దారిన పోతుంది. చక్రం వెంట బేరింగు కూడా మార్చవలసి రావచ్చు. దానికి అయ్యే ఖర్చుకు వెనుకాడవద్దు.

తరువాత కొలతలు. ఇందులోనే పని అంతా ఉంది. కాబట్టి కొంచెం ఓపికగా వినండి, రాసుకొనేవారు రాసుకోండి.

మొదట పళ్ళు లెక్కపెట్టండి. ఒక పన్నుకు సున్నం బొట్టు పెట్టి అక్కడినుంచి మొదలుపెట్టి, ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టి సరిచూచుకోండి. విరిగిన పళ్ళ చోటు కూడా లెక్కలోకి వస్తుంది. తరువాత చక్రం వెలుపలి వ్యాసం, అంటే ఒక పన్ను కొస నుంచి ఎదుటి పన్ను కొస వరకు, వెర్నియర్ కాలిపరుతో మిల్లీమీటర్లలో కొలవండి. పళ్ళు బేసి సంఖ్యలో ఉంటే ఒక పన్నుకు సూటిగా ఎదురుగా మరొక పన్ను ఉండదు. అప్పుడు నడిమి రంధ్రం అంచు నుంచి పన్ను కొస వరకు కొలిచి, దానికి రంధ్రపు వ్యాసంలో సగం కలిపి, వచ్చినదాన్ని రెట్టింపు చేయండి.

పన్ను పరిమాణాన్ని పనివాళ్ళు "మాడ్యూలు" అంటారు. దాన్ని కనుక్కొనే లెక్క సులభం. పళ్ళ సంఖ్యకు 2 కలిపి, ఆ మొత్తంతో వెలుపలి వ్యాసాన్ని భాగించాలి. మీ చక్రానికి 24 పళ్ళు, వెలుపలి వ్యాసం 52 మిల్లీమీటర్లు అనుకొందాం. 24కు 2 కలిపితే 26. 52ను 26తో భాగిస్తే 2. అంటే అది 2 మాడ్యూలు చక్రం. లెక్క 1.95 అనో 1.97 అనో వస్తే అది కూడా 2 మాడ్యూలే. పళ్ళ కొసలు కొద్దిగా అరిగి ఉంటాయి. మాడ్యూలు సామాన్యంగా 1, 1.25, 1.5, 2, 2.5, 3 వంటి అంకెల్లోనే ఉంటుంది. ఒకదానితో ఒకటి కలిసి తిరిగే రెండు చక్రాల మాడ్యూలు ఒకటే అయి తీరాలి.

ఇక్కడ ఒక మోసం దాగి ఉంటుంది. కొన్ని యంత్రాల నమూనాలు అంగుళాల లెక్కన పుట్టినవి. వాటికి మాడ్యూలు బదులు "డి.పి." అనే కొలత ఉంటుంది. 10 డి.పి. చక్రాన్ని మాడ్యూలులోకి మార్చితే 2.54 వస్తుంది. అది 2.5కు చాలా దగ్గర. 24 పళ్ళ చక్రానికి వెలుపలి వ్యాసం 10 డి.పి. అయితే 66 మిల్లీమీటర్లు, 2.5 మాడ్యూలు అయితే 65. కొస అరిగిన పాత చక్రాన్ని కొలిచినప్పుడు ఆ ఒక్క మిల్లీమీటరు తేడా పోల్చుకోవడం కష్టం. అప్పుడు మనకు దారి చూపేది ఇరుసుల మధ్య దూరం. ఇరుసులు అరగవు గదా! రెండు ఇరుసుల నడుమ, కేంద్రం నుంచి కేంద్రానికి దూరం కొలవండి. రెండు చక్రాల పళ్ళూ కలిపి, మాడ్యూలుతో గుణించి, సగం చేస్తే ఆ దూరమే రావాలి. 24 పళ్ళది, 48 పళ్ళది జతగా ఉంటే మొత్తం 72. 2.5 మాడ్యూలు అయితే దూరం 90 మిల్లీమీటర్లు, 10 డి.పి. అయితే 91.4. ఈ తేడా మామూలు కొలబద్దకు కూడా అందుతుంది. ఒక్క మాట: ఇరుసును జరుపుకోవడానికి పొడుగు రంధ్రం ఉన్న యంత్రాల్లో ఈ పరీక్ష అంత గట్టిగా నిలవదు.

మిగిలిన కొలతలు చకచకా చెప్తాను. పళ్ళ వెడల్పు, రంధ్రపు వ్యాసం, చీల గాడి వెడల్పూ లోతూ, పక్కకు పొడుచుకువచ్చిన మెడ ఉంటే దాని పొడవూ వ్యాసమూ. పన్ను ఏటవాలుగా ఉన్నదా, నిటారుగా ఉన్నదా చూడాలి. పన్ను పక్క వాలులో కూడా రెండు రకాలున్నాయి. ఇప్పటి యంత్రాల్లో దాదాపు అన్నీ 20 డిగ్రీలవి. పాతకాలపు కొన్ని 14½ డిగ్రీలవి. అది మన కంటికి తెలియదు. అందుచేత విరిగిన చక్రాన్ని ఒక్కదాన్నే పట్టుకొని పోవద్దు. దానితో కలిసి తిరిగే జత చక్రాన్ని కూడా విప్పి తీసికొనిపోవలెను. మేస్త్రీ తన కట్టరును జత చక్రం పళ్ళ సందులో ఆనించి చూస్తే నిమిషంలో తేలిపోతుంది.

పళ్ళ సంఖ్య మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ మారరాదు. "రెండు పళ్ళు తగ్గితే ఏమిలే, తిరుగుతుంది గదా" అనేవారున్నారు. తిరుగుతుంది, కాని విత్తనం లెక్క తప్పుతుంది. నేల చక్రం వైపు ఉన్న 24 పళ్ళ చక్రం బదులు 22 పళ్ళది వేశారనుకొందాం. పళ్ళెం పన్నెండో వంతు మెల్లగా తిరుగుతుంది. 10 సెంటీమీటర్లకు ఒకటి పడవలసిన వేరుశనగ గింజ దాదాపు 11 సెంటీమీటర్లకు ఒకటి పడుతుంది. సాలుకూ సాలుకూ మధ్య 30 సెంటీమీటర్లు ఉంటే ఎకరానికి సుమారు 1,35,000 గింజలు పడాలి. అందులో 11,000కు పైగా తగ్గిపోతాయి. 26 పళ్ళది వేస్తే ఇది తిరగబడుతుంది; ఎకరానికి 60 కిలోల గింజలు పోసేచోట 65 కిలోలు పోతాయి. ఇవాళ్టి విత్తనపు ధరలో ఆ 5 కిలోల విలువ ఎంతో మీరే చెప్పండి.

ఇక ఏ ప్లాస్టిక్‌తో చేయించాలి? ఈ పనికి బజారులో ముఖ్యంగా రెండు దొరుకుతాయి. ఒకటి నైలాను. 1935లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ ప్రయోగశాలలో పుట్టిన పదార్థం అది. మన దుకాణాల్లో గుండ్రని కడ్డీలుగాను, మందపు పలకలుగాను "కాస్ట్ నైలాన్" అనే పేరుతో అమ్ముతారు. రెండవది ఎసిటాల్; దీన్ని ఎక్కువమంది డెల్రిన్ అనే కంపెనీ పేరుతోనే అడుగుతారు. రెండూ తెల్లగానూ దొరుకుతాయి, నల్లగానూ దొరుకుతాయి. చూపుకు భేదం తెలియదు.

మీ పాత చక్రం ఏ రకమో తెలిసికోవాలంటే ఇంట్లోనే ఒక పరీక్ష ఉంది. వరి విత్తనాన్ని ఉప్పునీటిలో వేసి తాలు తీసే పద్ధతి మీకు కొత్త కాదు. ఇదీ అటువంటిదే. విరిగిన పన్ను ముక్కను మొదట మంచినీటిలో వేయండి. తేలితే అది పాలిథీన్ జాతిది, మన పనికి అంత బలమైనది కాదు. మునిగితే నీటిలో ఉప్పు కలుపుతూ పోండి. విత్తనానికైతే కోడిగుడ్డు తేలేదాకా కలిపి ఆపుతారు. ఇక్కడ అంతటితో చాలదు. ఇక కరగదు అనేటంత వరకు, అంటే లీటరు నీటికి సుమారు 350 గ్రాముల ఉప్పు పడుతుంది, కలపాలి. అప్పుడు నైలాను ముక్క పైకి తేలుతుంది, ఎసిటాల్ ముక్క అడుగునే ఉంటుంది. ముక్కకు గాలి బుడగలు పట్టి ఉంటే వేలితో తుడిచి చూడండి. గాజు పీచు కలిపిన నైలాను కూడా మునుగుతుంది గాని, దాని విరుపు గరుకుగా ఉండి పీచు కనిపిస్తుంది. కొందరు కాల్చి వాసన చూస్తారు. ఆ పని చేయవద్దు. ఎసిటాల్ కాలితే వచ్చే ఫార్మాల్డిహైడ్ వాయువు కళ్ళకూ గొంతుకూ మంచిది కాదు.

రెండింటిలో ఏది మేలు అంటే, నైలాను దెబ్బకు ఓర్చుకొంటుంది, దుమ్ములో బాగా నిలుస్తుంది. కాని నీళ్ళు తాగుతుంది. నీటిలో నానితే తన బరువులో నూటికి 8, 9 వంతుల దాకా పీల్చుకొంటుంది. ఎసిటాల్ పూర్తిగా నానినా నూటికి ఒక వంతును మించదు. నీళ్ళు తాగిన నైలాను ఉబ్బుతుంది. మన ఇళ్ళలో కర్ర తలుపు వానాకాలంలో ఉబ్బి ద్వారబంధంలో బిగుసుకుపోవడం లేదా? అదే ఇక్కడా జరుగుతుంది. ఎండిన నైలాను మామూలు గాలి తేమకు చేరేటప్పటికి 100 మిల్లీమీటర్ల చక్రం అర మిల్లీమీటరుకు పైగా పెరుగుతుంది. దీనికి తోడు ఎండ వేడి ఒకటి. 30 డిగ్రీల వేడి పెరిగితే అదే చక్రం మరొక పావు మిల్లీమీటరు పెరుగుతుంది. ఉక్కు అందులో చాలా కొద్ది వంతే పెరుగుతుంది. మేలో ఎండుగాలిలో చేయించి చక్కగా బిగించుకొన్న చక్రం జూలైలో వానకు తడిసి బిగుసుకొని విరగడంలో వింత లేదు. నా అభిప్రాయం అడిగితే, వరి మడుల్లోనూ తడిలోనూ నడిచే యంత్రాలకు ఎసిటాల్, మెట్టలో దుమ్ములో నడిచే గొర్రుకు నైలాను వేయించండి. నైలాను వేయించినప్పుడు పళ్ళ మధ్య కొంచెం ఆట, అంటే మెకానిక్కులు ప్లే అనేది, ఎక్కువగా ఉంచమనండి. 2 మాడ్యూలు చక్రానికి ఒక పోస్టుకార్డు మందం ఆట ఉండాలి. జతలో రెండూ నైలానే అయితే రెండు కార్డుల మందం ఉండాలి. వీలైతే జతలో ఒకటి నున్నని ఉక్కు చక్రంగా ఉండడం మంచిది. ఉక్కు వేడిని త్వరగా లాగివేస్తుంది.

చేసే పద్ధతులను గురించి కొంత తెలిసి ఉంటే మేస్త్రీతో మాట్లాడడం తేలిక. కంపెనీవారు వేడి ప్లాస్టిక్‌ను ఉక్కు అచ్చులోకి కొట్టి వేల సంఖ్యలో పోస్తారు. ఆ అచ్చు ఖరీదు మోయడం మనవల్ల కాదు. వేల చక్రాలు పోస్తే గాని అది గిట్టదు. కొద్ది సంఖ్యకు తగినది కోత పని. కడ్డీ నుంచి బిళ్ళ కోసి, లేతు మీద వ్యాసమూ రంధ్రమూ సరిచేసి, మిల్లింగు యంత్రం మీద ఒక్కొక్క పన్ను సందు కోస్తారు. చక్రాన్ని సరిగా ఒక పన్ను మేర తిప్పడానికి ఇండెక్సింగు హెడ్డు అనే పరికరం ఉంటుంది. దాని చేతిపిడి 40 సార్లు తిప్పితే చక్రం ఒక్కసారి తిరుగుతుంది. 24 పళ్ళకైతే పన్నుకు ఒక పూర్తి చుట్టూ మరి మూడింట రెండు వంతులూ తిప్పాలి. 24 రంధ్రాల వలయం మీద 16 రంధ్రాలు లెక్కపెట్టి ఆపుతారు. ఒక్క రంధ్రం లెక్క తప్పినా చివరి పన్ను సన్నమో లావో అవుతుంది. కాబట్టి పని జరిగేటప్పుడు ఆయనను మాటల్లో పెట్టవద్దు. టీ తరువాత తాగవచ్చు.

మిల్లింగు కట్టర్లు మాడ్యూలుకు ఎనిమిది చొప్పున ఉంటాయి. ఒకటి 21 నుంచి 25 పళ్ళ వరకు, మరొకటి 26 నుంచి 34 వరకు, ఇట్లా ఒక్కొక్కటి కొన్ని సంఖ్యలకే పనికివస్తుంది. "2 మాడ్యూలులో 24 పళ్ళకు తగిన కట్టరు ఉన్నదా?" అని ఫోనులోనే అడిగి, ఉన్నదంటేనే బస్సు ఎక్కండి. హాబింగు యంత్రం ఉన్నచోట ఈ బాధ లేదు. ఒక మాడ్యూలుకు ఒక హాబు అన్ని పళ్ళ సంఖ్యలనూ కోస్తుంది, పని కూడా నిక్కచ్చిగా వస్తుంది. శంఖం వలె వాలుగా ఉండి, అడ్డంగా ఉన్న ఇరుసుకు తిప్పే బెవెల్ చక్రాల పని వేరు. ఏటవాలు పళ్ళెం గొర్రుల్లో అవి కనిపిస్తాయి. వాటిని మామూలు మిల్లింగు మీద చక్కగా కోయడం కష్టం. బెవెల్ పని ప్రత్యేకంగా చేసేచోటనే, జతకు జత చేయించుకోవలెను.

ఇప్పుడు త్రీ-డి ప్రింటింగు అనే పద్ధతి కూడా వచ్చింది. ప్లాస్టిక్ తీగను కరిగించి పొర మీద పొర వేసి వస్తువును కడతారు. చాలా కళాశాలల్లో ఈ యంత్రాలున్నాయి. ఇది సరిపోతుందా లేదా అని పెట్టి చూచుకొనే నమూనాకు బాగుంటుంది. దానితోనే విత్తేద్దామంటే జాగ్రత్త. సామాన్యంగా వాడే పి.ఎల్.ఎ. అనే తీగ సుమారు 60 డిగ్రీల వేడికి మెత్తబడుతుంది. ఎండలో నిలబెట్టిన ఇనుప పెట్టెను చేత్తో తాకి చూచినవారికి ఆ సంగతి వివరించనక్కరలేదు. పైగా పొరల వెంట పన్ను చీలిపోతుంది.

ఇనుము మీద చెయ్యి తిరిగిన మేస్త్రీ ప్లాస్టిక్ దగ్గర తొందరపడే అవకాశం ఉంది గనుక మర్యాదగా మూడు నాలుగు మాటలు చెప్పండి. కొత్తగా పదును పెట్టిన పనిముట్టే వాడాలి. మొద్దుది కోయదు, కరిగిస్తుంది. బిళ్ళను మరీ బిగించి పట్టరాదు. వదలగానే ఆకారం మారుతుంది. బిళ్ళను కొంచెం పెద్దదిగా కోసి ఒక రాత్రి ఉంచి, మరునాడు చివరి కొలతకు తేవాలి. వేడిగా ఉన్నప్పుడు కొలవరాదు. కట్టరు బయటికి వచ్చే వైపు పళ్ళ అంచులు పొట్టు లేవకుండా ఒక చెక్క బిళ్ళను ఆనుగా పెట్టాలి. చీల గాడి మూలలు సూదిగా కాక కొంచెం గుండ్రంగా ఉండాలి. పని బరువైనదైతే ప్లాస్టిక్‌లో నేరుగా గాడి కొట్టకుండా, నడుమ ఇనుప బుష్షు వేసి మరలతో చక్రానికి బిగించి, గాడి బుష్షులో పెట్టించండి. ప్లాస్టిక్‌లో నేరుగా బిగించిన మర నాలుగు రోజుల్లో వదులవుతుంది.

ఖర్చు మాట. ఇందులో ఎక్కువ భాగం యంత్రాన్ని సిద్ధం చేయడానికి పట్టే వేళకే. కట్టరు బిగించి, హెడ్డు సరిచేసి, కేంద్రం కలపడానికి ఒక చక్రానికి ఎంత వేళ పడుతుందో ఆరింటికీ అంతే పడుతుంది. లెక్క తెలియడానికి మాత్రమే చెప్తున్నాను, ధర అనుకోవద్దు: సిద్ధం చేయడానికి 1,000 రూపాయలు, ఆపైన ఒక్కొక్క చక్రానికి సామానుతో సహా 150 రూపాయలు అనుకోండి. ఒక్కటే చేయిస్తే 1,150. ఆరు చేయిస్తే 1,900, అంటే ఒక్కొక్కటి 317. పైగా ఆరు బిళ్ళలనూ ఒకే కమ్మీకి గుచ్చి, ఒకే కోతలో పళ్ళు కోయవచ్చు. అప్పుడు ఆరూ అచ్చం ఒకే విధంగా వస్తాయి. కాబట్టి మీ ఊళ్ళోనూ, పక్క ఊళ్ళోనూ అదే మోడలు గొర్రు ఉన్న నలుగురు కలవండి. రైతు ఉత్పత్తిదారుల సంఘమో, యంత్రాలు అద్దెకిచ్చే కేంద్రమో ఉంటే వారే పూనుకోవచ్చు. ముందు ఒక్కటి చేయించి, యంత్రంలో పెట్టి తిప్పి చూచి, ఆ తరువాతే మిగిలిన అయిదింటికి సరే అనండి. యంత్రం సిద్ధం చేసిన ఖర్చు మళ్ళీ పడకుండా, ఆ ఒక్కటి చూచివచ్చే దాకా బిగింపు విప్పవద్దని ముందే మాట తీసికోండి.

ఎక్కడికి పోవాలి? విజయవాడ ఆటోనగరులోనూ, హైదరాబాదు బాలానగరు, చర్లపల్లి ప్రాంతాల్లోనూ ఇటువంటి పని చేసే చిన్న కార్ఖానాలున్నాయి. బాలానగరులోనే 1968లో ఏర్పడిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది. ప్లాస్టిక్ పదార్థాలను గురించిన సలహాకు సిపెట్ సంస్థ కేంద్రాలు హైదరాబాదులోనూ, విజయవాడలోనూ ఉన్నాయి. హైదరాబాదులో 2023లో ప్రారంభమైన టి-వర్క్స్‌లో కొద్ది సంఖ్యలో నమూనాలు చేసుకొనే యంత్రాలున్నాయి. కొలతలు తీయడం చేతకాకపోతే బాపట్ల, సంగారెడ్డి వ్యవసాయ ఇంజనీరింగు కళాశాలలకు చక్రాన్ని తీసికొనిపోయి అడగండి. మీ జిల్లా పాలిటెక్నిక్కులో మిల్లింగు యంత్రం ఉంటే అది అన్నిటికంటె దగ్గర. ఎక్కడ చేయించినా, పళ్ళ సంఖ్య, మాడ్యూలు, వెడల్పు, రంధ్రం, పదార్థం రాసిన కాగితం ఒకటి ఇచ్చి, రెండవది మీ దగ్గర ఉంచుకోండి. ఆ కాగితాన్ని విత్తనపు పెట్టె మూత లోపల అంటించి పెడితే మరుసటిసారి వెతుక్కోనక్కరలేదు.

కొత్త చక్రం వచ్చిన తరువాత గొర్రును ఎత్తి, నేల చక్రం గాలిలో ఆడేటట్లు నిలపండి. పళ్ళెంలో గింజలు వేయకుండా మొదట చేత్తో నిదానంగా ఒక పూర్తి చుట్టు తిప్పండి. ఎక్కడా పట్టేయరాదు, ప్రతి పన్ను దగ్గరా కొంచెం ఆట చేతికి తెలియాలి. పట్టేసేచోట సున్నం బొట్టు పెట్టి మేస్త్రీకి చూపండి, మీరు ఆకురాయి పెట్టి గీకవద్దు. తరువాత గింజలు పోసి, గొట్టాల కింద సంచులు కట్టి, నేల చక్రాన్ని 20 చుట్లు తిప్పి, పడిన గింజలు తూచండి. పాత చక్రం బాగున్న రోజుల్లో ఇదే 20 చుట్లకు ఎంత పడేదో రాసి పెట్టుకొని ఉంటే పోల్చి చూడండి. లేకపోతే నేల చక్రం చుట్టుకొలతను 20తో హెచ్చవేసి, గొర్రు వెడల్పుతో గుణిస్తే ఎంత నేలకు పడినదో వస్తుంది. దాన్ని బట్టి ఎకరానికి లెక్క కట్టండి. ఈ పనంతా మేలో, మొదటి వానకు ముందే ముగియాలి. మిగిలిన చక్రాలను ఎండ తగలని చోట, ఎలుకలు చేరని డబ్బాలో వేసి, గొర్రు పేరు రాసి ఉంచండి.

పాత చక్రాలు వెంట తెచ్చినవారు మధ్యాహ్నం పరికరాల షెడ్డుకు రండి. వెర్నియర్లు నాలుగు ఉన్నాయి, ఉప్పునీళ్ళ బక్కెట్టు సిద్ధంగా ఉంది. ఎవరి చక్రాన్ని వారే కొలిచి, కాగితం రాసుకొని పోవచ్చు.